డైలెసి పుట్టిన చోటు

డైలెసి, నేను ఒకే ఫారంలో పుట్టాం. జింబాబ్వేలో మ్వుర్వీ ఊరు దాటాక ఎర్రమట్టి దారిలో ఉంటుంది డన్‌లీ పొగాకు ఫారం. మా నాన్నలిద్దరూ మలావీ నుంచి నడిచి వచ్చిన కూలీలు. మేం మాత్రం ఇక్కడి కూలీల లైన్ల ఇళ్ళలోనే పుట్టి, పొగాకు గ్రేడింగు షెడ్డులోనే పెరిగి, ఇక్కడే ముసలివాళ్ళమవుతున్నాం. తెల్లదొర వెళ్ళిపోయాడు. ఫారం చేతులు మారింది. పొగాకు కాల్చే బ్యారన్ల కప్పులు కూలిపోయాయి. మేం ఉండిపోయాం.

డైలెసికి అప్పటికి యాభై దాటాయి. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నవ్విందంటే లైనంతా వినబడేది. భర్త పోయాక కపెంటా ఎండుచేపలు అమ్ముకుంటూ ఒక్కగానొక్క కూతురు లోజీనాని చదివించింది. పిల్ల బాగా చదివేది. తీరా చివరి ఏడాదిలో హెడ్మాస్టరు పిలిచి, పుట్టిన సర్టిఫికెట్టు లేకపోతే పెద్దపరీక్షకు పేరు పంపలేనన్నాడు.

కూతురికి కాయితం కావాలంటే ముందు తల్లికి ఉండాలి. డైలెసి పాత కార్డు మీద విదేశీయురాలు అని ఉంది. చట్టం మారిందనీ, ఇక్కడ పుట్టిన మలావీ వాళ్ళ పిల్లలు ఇక్కడివాళ్ళేననీ రేడియోలో చెప్పారు. కానీ ఇక్కడే పుట్టామని చూపించుకోవాలి. తోడుగా నేనూ జిల్లా ఆఫీసుకు వెళ్ళాను.

"ఎక్కడ పుట్టావు?" అన్నాడు కిటికీ వెనక గుమాస్తా.

"డన్‌లీ ఫారంలో, బాబూ."

"ఆస్పత్రి చీటీ ఏదీ?"

"లైన్లలో పుట్టాను. చాపమీద."

"పురుడు పోసినావిడ?"

"పోయింది. అందరూ పోయారు."

అతను పక్క కుర్చీలో మనిషి వైపు తిరిగి నవ్వాడు. "ఈ ఊరులేనోళ్ళందరిదీ ఒకటే పాట. ఎక్కడ పుట్టావంటే పొగాకు తోటలో అంటారు."

"ఆ తోట ఈ దేశంలోదే కదయ్యా?" అన్నాను నేను.

"నాతో కాదమ్మా వాదన. కాయితం పట్రా."

ఇంటికొచ్చేసరికి లోజీనా గుమ్మంలో కూర్చుని ఉంది. తల్లి ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. "పిన్నీ, అమ్మకి నువ్వైనా చెప్పు," అంది నాతో. "కాయితం లేకపోతే నేను లింపోపో నది దాటి అవతల దక్షిణాఫ్రికాకి పోతా. టమాటా తోటల్లో కాయితాలు అడగరంట."

"మొసళ్ళు కూడా అడగవే!" అని అరిచింది డైలెసి. అరిచిన గొంతుతోనే ఏడ్చింది.

మా చిన్నప్పుడు మిషన్ నుంచి ఒక ఫాదరు మోటార్‌సైకిల్ మీద ఫారాలకు వచ్చి, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి వెళ్ళేవాడు. ఆ పేర్లు ఆయన రాసిన పుస్తకాలు మిషన్‌లో ఉంటాయని నాకు తట్టింది. మర్నాడే కాంబీ వ్యాను ఎక్కాం. అక్కడి సిస్టర్ న్యారాయి మమ్మల్ని బల్ల ముందు కూర్చోబెట్టి, పాత పుస్తకాలు తెచ్చి ఓపిగ్గా వెతికింది.

"డైసీ అని ఉంది. తండ్రి పేరు బిజివీకి. నువ్వేనా?"

"మా నాన్నే! నేనే! డైసీ అంటే మావాళ్ళ నోట డైలెసే!" డైలెసి లేచి సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది. సిస్టర్ ఆ వివరమంతా వేరే కాయితం మీద రాసి, చర్చి ముద్ర వేసి ఇచ్చింది. దారంతా దాన్ని మడవకుండా గుండెకు ఆనించుకుని కూర్చుంది మా అక్క.

గుమాస్తా దాన్ని చదివి మళ్ళీ మా వైపు తోశాడు. "ఊరు అన్నచోట ఏం రాశారో చూశావా? న్చేవు, న్యాసాలాండ్. అంటే పాత మలావీ. నువ్వు మలావీలో పుట్టావని మీ ఫాదరే రాశాడు."

"అది నాన్న ఊరు బాబూ. నీదే ఊరని నాన్నని అడిగి రాసుంటారు..."

"రాసి ఉన్నది చదువుతా. రాయనిది చదవను."

డైలెసి కిటికీ పక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి అతని కాళ్ళ దగ్గర కూలబడింది. బూట్లు పట్టుకుంది. "నా పిల్ల నదిలో పడిపోతుందయ్యా. నన్ను ఏ దేశమన్నా అనుకో, దానికి మాత్రం కాయితమియ్యి." వరసలో నిలబడ్డవాళ్ళంతా మెడలు చాచి చూశారు. "లేవమ్మా, నాటకాలొద్దు," అన్నాడతను. నేనే భుజాలు పట్టుకుని లేపాను. చెయ్యెత్తు మనిషి, ఖాళీ గోనెసంచిలా తేలిగ్గా లేచింది.

ఆ వారమే లోజీనా వెళ్ళిపోయింది. బడి యూనిఫారం మడిచి మంచం మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా పోయింది.

డైలెసి పడుకుంది. మొక్కజొన్నపిండి సద్జా వండి తీసుకెళితే గోడవైపు తిరిగేది. "నేను పుట్టకపోతే ఏ గొడవా ఉండేది కాదు," అంది ఒకరోజు. "నేను పుట్టి మా అమ్మని చంపాను. ఇప్పుడు కూతుర్ని."

వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయిందని తెలుసు గానీ, ఈ మాట నేనెప్పుడూ వినలేదు. "ఏమన్నావు? మీ అమ్మ నీ పురిట్లోనే పోయిందా?"

"అంతే తెలుసు. పేరు కూడా తెలీదు. అడిగితే నాన్న లేచి బయటికి పోయేవాడు."

"ఎక్కడ పూడ్చారు?"

డైలెసి మళ్ళీ గోడవైపు తిరిగింది. మర్నాడు ఆమెకు నేనే ముఖం కడిగి, బట్టలు మార్చి, చెయ్యిపట్టుకుని మళ్ళీ మిషన్‌కు తీసుకెళ్ళాను. "సిస్టరమ్మా, పుట్టినవాళ్ళ పుస్తకం వద్దు. పోయినవాళ్ళది తియ్యండి," అన్నాను.

సిస్టర్ చాలాసేపు వెతికింది. లాటిన్‌లో రాసిన ఒక చోట వేలు ఆపి, మనసులో చదువుకుని, డైలెసి వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా మన మాటల్లో చెప్పింది. "ఎస్తేలి, బిజివీకి భార్య. చర్చి ఉపదేశి కచింగ్వే కూతురు. వయసు పందొమ్మిది. డన్‌లీ ఫారంలో ప్రసవిస్తూ చనిపోయింది. ఆడబిడ్డ బతికే ఉంది. ఆ బిడ్డకి అదేరోజు బాప్తిస్మం ఇచ్చాను."

"ఎస్తేలి," అంది డైలెసి. ఇంకోసారి అంది. "పందొమ్మిదా? లోజీనా కంటే రెండేళ్ళు పెద్దది, అంతేనా!" అని బల్లమీద తల పెట్టేసింది. ఇన్నాళ్ళూ ఆమె మనసులో వాళ్ళమ్మ పెద్దామెగానే ఉంది.

సిస్టర్ రెండు పుస్తకాల్లోని వివరాలూ తేదీలూ పక్కపక్కన రాసి ఇచ్చింది. రెండూ ఒకటే రోజు. "లోజీనా బాప్తిస్మం కూడా రాసివ్వనా?" అని తనే అడిగి, అదీ రాసిచ్చింది.

గుమాస్తా ఈసారి నవ్వలేదు. కాయితాలు తీసుకుని లోపలికెళ్ళి, పెద్దాఫీసరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చదివి, "తల్లి ఇక్కడ పురిట్లో పోతే బిడ్డ అక్కడెలా పుడుతుందయ్యా?" అన్నాడు గుమాస్తాతో. అయినా మమ్మల్ని నెలల తరబడి తిప్పారు. వానలు పడి, మొక్కజొన్న మోకాలెత్తు పెరిగాక డైలెసికి సర్టిఫికెట్టూ కొత్త కార్డూ వచ్చాయి. పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి. లోజీనా జాడ లేదు. నది పొంగిందనీ, ఎవరో కొట్టుకుపోయారనీ వార్త వచ్చినప్పుడల్లా డైలెసి నా ఫోను కోసం మా ఇంటికి పరుగెత్తేది.

ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది. సరిహద్దు ఊరైన బైట్‌బ్రిడ్జ్ నుంచి ఎవరో ఆడమనిషి. "కాయితాల్లేవని అవతలివాళ్ళు తెచ్చి దింపిన గుంపులో ఓ పిల్ల ఉంది. జింబాబ్వే పిల్లనే అంటోంది కానీ చూపించడానికేమీ లేదు. మీ నెంబరిచ్చింది."

ఇద్దరం బస్సెక్కాం. రేకుల షెడ్డులో, కటకటాల అవతల లోజీనా నేలమీద కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. తల్లిని చూసి లేవలేదు.

"ఈ పిల్ల మీకేమవుతుంది?" అన్నాడు అక్కడి ఆఫీసరు.

డైలెసి తన కార్డు, సర్టిఫికెట్టు, లోజీనా బాప్తిస్మం కాయితం వరసగా బల్లమీద పరిచింది. "నా కూతురు. నేను డన్‌లీ ఫారంలో పుట్టాను. ఎస్తేలి కూతుర్ని. ఇదిగో, ఇది నా పిల్ల," అంది.

అతను చదివి, సంతకం పెట్టించుకుని, తాళం తీశాడు.

తిరుగు బస్సులో డైలెసి తన చెప్పులు విప్పి కూతురి కాళ్ళకు తొడిగింది. అవతల ఏం జరిగిందో లోజీనా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. నీళ్ళ చప్పుడు గట్టిగా వినబడితే చెవులు మూసుకుంటుంది. డైలెసి అడగదు. వెళ్ళి పక్కన కూర్చుంటుంది.