ఇల్లు లేని పిల్లవాడి ఇంగ్లీషు పాట

హెవీ మెటల్ పాట చెవిన పడితే ఇప్పటికీ లేచి అవతలికి వెళ్లిపోతాను. తప్పు పాటలది కాదు. అవి మంచివే.

కోరుట్లలో డిగ్రీ చదివే రోజుల్లో మా క్లాసులో ఒక దొర కొడుకు ఉండేవాడు. మేడిపల్లి వైపు వాళ్లకు భూములు. నక్సలైట్ల భయానికి ఊరు వదిలి కోరుట్లలో మేడ కట్టుకున్నారు. వాడు హైదరాబాదు నుంచి ఒక ఇంగ్లీషు హెవీ మెటల్ క్యాసెట్ తెచ్చాడు. గిటార్ల రొద, డ్రమ్ముల మోత, గొంతు చించుకునే అరుపు. ఇల్లు లేని పిల్లవాడు గొప్పవాళ్ల గేటు దగ్గర పడుకుంటే కుక్కను తరిమినట్టు తరిమేస్తారు. అదీ పాట. వాడు వింటూ కళ్లు తుడుచుకునేవాడు.

నాకూ ఆ పాట తెగ నచ్చింది. చిన్నప్పుడు మాకు ఇల్లెక్కడిది? సిరిసిల్లలో మా అమ్మ నూలు కండెలు చుట్టే సాంచాల షెడ్డు అరుగే మా పడక. ఆ మరమగ్గాల మోతలోనే నిద్రపోయేవాణ్ణి.

ఒకనాడు ఆ క్యాసెట్ అడిగి తీసుకుని సిరిసిల్ల బస్సెక్కాను. ఊరు దాటగానే పోలీసులు బస్సాపి సంచులు వెతికారు. ఆ రోజుల్లో క్యాసెట్ అంటే చాలు, అన్నల, అంటే నక్సలైట్ల, పాటలేమోనని అనుమానం. స్టేషన్‌కు తీసుకెళ్లి టేప్‌రికార్డర్‌లో పెట్టారు.

"ఏందిరా గీ ఒర్రుడు? ఏమంటున్నడు వాడు?" అన్నాడు ఎస్సై.

ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇల్లు లేని పిల్లగాని పాట సార్. ఉన్నోళ్లు తరిమేసిండ్రని..."

"అంటే అన్నల పాటనే! ఇంగ్లీషుల పాడితే నాకు ఎరుక కాదనుకున్నవా?"

అరికాళ్లు పగిలేలా కొట్టారు.

ఒక కానిస్టేబుల్‌ను బతిమాలి కబురు పంపితే సాయంత్రానికి దొర కొడుకు జీపులో వచ్చాడు. హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను.

"గది నా క్యాసెట్ సార్. లవ్ పాటలు."

"అరె, ముందుగాల చెప్పద్దా దొరా!" ఎస్సై కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. నా కోసం ఓ మాట అంటాడని, ఆ చాయ్ అయ్యేదాకా దొర కొడుకు నోటివైపే చూస్తూ కూర్చున్నాను.

"మరి గీ పోరడు?"

"క్లాసుల చూసిన సార్. ఎసొంటోడో నాకెర్క లేదు."

క్యాసెట్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఛీ! మర్నాడు మా అమ్మ వచ్చి ఎస్సై కాళ్ల మీద పడితే నన్ను వదిలారు.

కుంటుకుంటూ కాలేజీకి వెళ్తే వాడే ఎదురొచ్చాడు. "ఇంటికి రారాదుర, పాట ఇందాం. గా పిల్లగాడు యాదికొస్తే పాణమంత ఎట్లనో అయితది," అన్నాడు. కళ్లలో నిజంగానే నీళ్లు.

వాడి కాళ్ల ముందే థూ అని ఉమ్మేశాను. ఎందుకు ఉమ్మానో కూడా వాడికి అర్థం కాలేదు.