ఖాళీగా వదిలిన గడి

నిన్న మా మనవరాలు గిటారును భుజానికి తగిలించుకునే కొత్త పట్టీ తెచ్చి నా ఒళ్లో పడేసింది. కొత్త రంగు వాసన గుప్పుమంది. "అమ్మమ్మా, ఎర్ర గిటారుకు ఎర్రదే మంచిగుంటది గదా? స్టేజీ మీద తెల్లంగి ఏసుకుంట" అంది. బొటనవేలితో అంచు తడిమాను. రెండంగుళాల వెడల్పు. నర్సయ్య మామ గుర్తొచ్చాడు.

ఆయన జగిత్యాలలో దర్జీ. వరసకు మామ కాదు, నాకు పని నేర్పినవాడు. ఆ దుకాణంలో నాలుగేళ్ల రెండు నెలలు ఉన్నాను. కొలతల పుస్తకం రాసేది నేనే. ఒక్కో పనికి నాలుగు గళ్లు: ఎవరికి, ఏ కొలత, ఎన్ని గజాలు, బట్ట ఎవరిచ్చారు. ఒక్క గడి ఖాళీగా కనబడినా మామ పుస్తకం నా ముందుకు విసిరేవాడు. రంగు చూడాలంటే బట్ట పట్టుకుని ఎండలోకి నడవాల్సిందే.

కోరుట్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే సత్తన్న ఒకనాడు పట్టీ కుట్టమని వచ్చాడు. ఎర్ర గిటారు, తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు.

"నల్లది కుట్టు బిడ్డా" అన్నాడు మామ. "పట్టీ అంటే పెండ్లి కుదిర్చెటోని లెక్క. గిటారును, బట్టలను కలపాలె. తను కనబడొద్దు."

నాకు నచ్చలేదు. సిరిసిల్ల నేతన్న పంపిన మూటలో ఎర్రబట్ట ముక్క ఒకటి ఉంది. ఎండలో గిటారు మీద పరిచాను. ఏది గిటారో ఏది బట్టో తెలియలేదు. సత్తన్న మురిసిపోయాడు. "నీ కండ్లకన్న గీ పిల్ల కండ్లే నయం మామా!" మామ నవ్వి కత్తెర నాకిచ్చాడు, పట్టీ నేనే కత్తిరించాను. ఆ సంబరంలో నాలుగో గడి నింపడం మరిచాను.

అవి నక్సలైట్ల రోజులు. అన్నల జెండా ఎరుపు. నాకు మాత్రం ఎరుపంటే ఉత్త రంగే. పట్టీ ఇచ్చిన పదహారో రోజున ఆర్కెస్ట్రా వ్యానును పోలీసులు ఆపారు. వాళ్లకు అంతకుముందే దొరికిన అన్నల జెండాదీ, సత్తన్న భుజాన ఉన్న పట్టీదీ ఒకే నేత, ఒకే రంగు. మధ్యాహ్నానికి జీపు మా దుకాణం ముందు ఆగింది. కొలతల పుస్తకం తిరగేసి, బట్ట ఎవరిచ్చారో దొరక్క కింద పడేశారు.

"ఇది కత్తిరించిందెవరు?"

కత్తెర నా చేతిలోనే ఉంది. మామ మిషను దగ్గర్నుంచి లేచాడు. "నేనే సారూ. గా పిల్లకు కొలతలు రాసుడు తప్ప ఏం తెల్వది."

మామను పట్టుకుపోయి పదకొండు రోజులకు వదిలారు. కుడిచేతి మూడు వేళ్లు ఇక వంగలేదు. తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను.

"నాలుగో గడి కావాల్ననే ఇడిచినవా?"

"లేదు మామా. మర్చిపోయిన."

"మర్చిపోయి మంచిగ చేసినవ్. రాస్తే సిరిసిల్లల ఇంకొకని చెయ్యి గుడ పోతుండె."

ఆయన మళ్లీ కత్తెర పట్టలేదు. పక్కన కూర్చుని చెబుతుంటే నేను కత్తిరించేదాన్ని. ఆ పట్టీ కత్తిరించింది నేనని ఆయన బతికుండగా నేనెవరికీ చెప్పలేదు.

మనవరాలిని ఎండలోకి తీసుకెళ్లి చూశాను. ఎరుపు చక్కగా కలిసింది. అయినా నల్లది తెచ్చుకోమన్నాను.

పాత పుస్తకం నా పెట్టెలోనే ఉంది. ఆ వరుసలో మూడు గళ్లు నిండి ఉన్నాయి. బట్ట ఇచ్చినవాళ్ల పేరు నాకు ఇంకా గుర్తుంది. ఇక్కడ కూడా రాయను.