మూడో పిలుపుకి కదిలే పడవ

మా నాన్న పోయాడు. కబురు పక్కింటి పిన్ని ఫోనులో చెప్పింది. చెప్పిన తీరే కాస్త వింతగా ఉంది.

"బాబూ, మీ నాన్నగారు వెళ్ళిపోయారు. గంజి తెచ్చేలోపే నువ్వెటు వెళ్ళిపోయావు బాబూ? బెంగపడకు. ఆఖరి ఘడియలో పక్కనే కూర్చున్నావు. ఎంతమంది కొడుకులకి దక్కుతుంది చెప్పు!"

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని బన్ను టీలో ముంచుతున్నాను. నాకూ మా లంకకీ మధ్య ఒక రైలు, ఒక ఆటో, లెక్కలేనన్ని చేపల చెరువులు ఉన్నాయి. బన్ను సగానికి విరిగి టీలో పడిపోయింది.

పాఠకులు కంగారు పడవద్దు. నేనూ పడలేదు అని రాయాలనే ఉంది. కానీ పోయినవాళ్ళ గురించి రాసేచోట అబద్ధాలాడకూడదంటారు కనుక, చెమటలు పట్టాయని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మా నాన్న పడవ నడిపేవాడు. కొల్లేట్లో మా లంకకి వంతెన రాకముందు అవతలి గట్టుకి ఆయన పడవే దారి. నీలం గళ్ళ తుండు, బక్క ఒళ్ళు, గొంతు మాత్రం మెత్తన. ఎంత మెత్తనంటే, పడవెక్కిన గేదెని కూడా "కొంచెం ఇటు జరగండి, బరువంతా ఒక పక్కే పడుతోందండీ" అని బతిమాలేవాడు. గేదె జరిగేది కూడా. మా అమ్మని జీవితాంతం "ఏవండీ" అనే పిలిచాడు. ఆవిడా ఆయన్ని "ఏవండీ" అనేది. ఇంట్లో ఏవండీ అని వినబడితే ఎవరు ఎవర్ని పిలిచారో తేల్చుకోవడం నా మొదటి చదువు. చెట్టుకీ పిట్టకీ అండీ తగిలించిన ఆ మనిషి ప్రపంచం మొత్తం మీద "ఒరేయ్" అన్నది ఒక్క నన్నే. అదొక బిరుదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అవతలి గట్టు నుంచి ఎవరైనా "పడవోయ్" అని కేకేస్తే వెళ్ళి తీసుకురావాలి. అదే ఆయన ఉద్యోగం. కానీ మొదటి కేకకి ఆయన లేచేవాడు కాదు. రెండో కేకకి తుండు దులిపి భుజాన వేసుకునేవాడు. మూడో కేక పడ్డాకే గడ నీళ్ళలో దించేవాడు. ఒకసారి రెవెన్యూవారి జీపు అవతల ఆగింది. ఆఫీసరుగారు ఒక్క కేక వేసి, హోదాగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇవతల నాన్న అంతకంటే మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొద్దు నడినెత్తికొచ్చాక ఆఫీసరుగారి జవానుకి బుద్ధి పుట్టి మిగతా రెండు కేకలూ వేశాడు.

"చెవుడా నీకు?" అని ఆఫీసరుగారు పడవెక్కుతూ గర్జించారు.

"లేదండీ. మొదటిసారే చక్కగా వినబడ్డారండీ."

"మరి రావేం?"

"ఒకసారి పిలిచేది ఏదైనా కావచ్చండీ. రెండోసారి గాలి కూడా పిలుస్తుందండీ. మూడోసారి పిలిచేది మాత్రం ఇల్లు చేరాలనుకునే మనిషేనండీ. కాస్త తల వంచండి, కిక్కిస తగులుతుంది."

ఆ కిక్కిస గడ్డి దాటాక, మంచు దిగిన పొద్దుటి పూట మీరెప్పుడైనా పడవలో కూర్చుంటే ఆయన మాటకి నవ్వరు. పడవ కొన తప్ప ఏమీ కనబడదు. నీళ్ళ మీద ఎక్కడి మాటో పక్కనే అన్నట్టు వినబడుతుంది. ఎవరో మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. తెలిసిన గొంతే, కానీ ఎవరిదో గుర్తు రాదు. "కొల్లేరు మనుషుల గొంతులు దాచుకుంటుందిరా," అనేవాడు నాన్న. "అప్పుడప్పుడూ బయటికి తీసి చూసుకుంటుంది. పాపం, రెండుసార్లకి మించి దానికి ఊపిరి చాలదు."

ఇంటి తలుపుకీ అదే చట్టం. బడి నుంచి వచ్చి నేను "నాన్నా, నాన్నా" అని రెండుసార్లు పిలిచి, మూడోది మింగేసి గడప పక్కన నక్కేవాణ్ణి. లోపల గడియ మీద చెయ్యి వేసుకుని ఆయన. బయట ఊపిరి బిగబట్టి నేను. "తండ్రీకొడుకులకి వేరే పని లేదు, చారు చల్లారిపోతోంది," అని అమ్మ వచ్చి తలుపు తీసేది. నేను విరగబడి నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. నా హాస్యానికి ఆయన జీవితంలో ఒక్కసారీ నవ్వలేదు. కాలేజీలో పదిమందిని బెంచీల కింద దొర్లించిన జోకులు ఆయన ముందు చచ్చిపడి ఉండేవి.

నేను ఏలూరులో డిగ్రీ చదివే రోజుల్లో అమ్మ పోయింది. తర్వాత వంతెన వచ్చింది. పడవ రేవులో బోర్లా పడుకుంది. నాకు తాడేపల్లిగూడెంలో సెల్‌ఫోను కనెక్షన్లు అమ్మే ఉద్యోగం దొరికింది. దేశం మిస్డ్ కాల్ మీద బతుకుతున్న రోజులవి. నాన్నకీ ఒక ఫోను ఇచ్చాను. మూడో రింగు దాకా ఎత్తేవాడు కాదు. "ఒక్క రింగిచ్చి పెట్టేసేది మనిషి కాదురా," అని తేల్చేశాడు. మా కంపెనీ ఖాతాదారుల్లో ముప్పాతికమంది దయ్యాలని ఆయన లెక్క. మా మేనేజరు లెక్కా దాదాపు అదే.

కొల్లేట్లో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు సర్కారువారు కొట్టేసిన ఏడాది, మంచు కాలంలో, ఒక ఆదివారం పొద్దున్న వెళ్ళాను. చాలా రోజులైంది వెళ్ళి. రేవు పక్కన ఇల్లు సగం మంచులో ఉంది. మూడుసార్లు పిలిచాను. తలుపు తీసి నన్ను తేరిపార చూశాడు.

"రండి, రండి. కూర్చోండి. ఎవరి తాలూకండీ తమరు?"

నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇన్నేళ్ళకి మా నాన్న జోకు వేశాడు! అందుకుని, "తమరి అబ్బాయి తాలూకేనండీ. తమ క్షేమం కనుక్కు రమ్మన్నారండీ," అన్నాను. ఆయన టీ పెట్టాడు. నేను లేని పంచె కొస పట్టుకున్నట్టు వంగి వంగి దణ్ణాలు పెట్టాను. వంతెన మీద వెళ్ళే లారీల గురించి, నీళ్ళ మీద పేరుకున్న గుర్రపుడెక్క గురించి బోలెడు మర్యాదగా మాట్లాడుకున్నాం. టీ అయిపోయింది. రెండోసారి టీ కూడా అయిపోయింది. అప్పటికి గానీ నాకు తెలియలేదు, జోకు వేస్తున్నది నేనొక్కణ్ణేనని.

"నాన్నా, నేను," అన్నాను.

ఆయన నొచ్చుకున్నాడు. నన్ను నొప్పించకూడదని నొచ్చుకున్నాడు. "పోలిక ఉందండీ," అన్నాడు మెల్లగా. "గొంతు కూడా మా వాడిదేనండీ. కానీ మా వాడు పొద్దున్నే వచ్చి వెళ్ళాడండీ."

మేం తాగినవి కాక, అరుగు మీద ఇంకో రెండు గ్లాసులున్నాయి. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో టీ అలాగే ఉంది, పైన మీగడ కట్టి.

"ఎలా ఉన్నాడండీ మీ అబ్బాయి?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"తడిసి ఉన్నాడండీ. ఎప్పుడూ తడిసే వస్తాడు. తుడుచుకోరా అంటే వినడు."

"ఎన్నిసార్లు పిలుస్తాడండీ?"

"పిలవడండీ. నేరుగా వచ్చేస్తాడు. ఇంటివాడు కదండీ!"

ఏలూరులో డాక్టరుకి చూపించాను. పెద్దవయసు మరుపు, వాదించొద్దు అన్నాడాయన. ఆటోలో తిరిగొస్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. పడిపోతాననే భయంతో. "మీకు శ్రమ ఇస్తున్నానండీ," అని దారంతా క్షమాపణలు చెప్పాడు. మా వాడు వస్తే మీకీ తిరుగుడు ఉండేది కాదని కూడా అన్నాడు. నేను మా వాడి మీద మండిపడ్డాను. మనసులోనే.

తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. నాకు కావలసింది ఒక్కటే మాట. ఒరేయ్. అది అనిపించుకోవడానికి నేను పడని పాట్లు లేవు. అమ్మ చేసినట్టు బొమ్మిడాయిల పులుసు చేయించి తీసుకెళ్ళాను. "చాలా బాగుందండీ, మీ ఇంట్లోవాళ్ళకి చెప్పండి," అన్నాడు. చిన్నప్పటి నా ఫొటో చూపించాను. "ముద్దుగా ఉన్నాడండీ, మీ అబ్బాయా?" అన్నాడు. ఒకసారి తెగించి, పిలవకుండా నేరుగా లోపలికి నడిచాను. మంచం మీద నుంచి ఉలిక్కిపడి లేచి గోడకి ఆనుకున్నాడు. అంత భయంలోనూ, "ఏవండీ, పిలవకుండా వచ్చేశారేంటండీ?" అన్నాడు, అండీ జారిపోకుండా. నేను బయటికి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, మూడుసార్లు పిలిచి, మళ్ళీ వచ్చాను. ఆ తర్వాత ఎప్పుడూ పిలవకుండా అడుగు పెట్టలేదు.

పరాయివాడిగా ఉండడంలో ఒక లాభం ఉందని మెల్లగా తెలిసింది. కొడుక్కి చెప్పని మాటలు పరాయివాడికి చెబుతారు. ఒకరోజు అరుగు మీద కూర్చుని, నేనేదో వాగుతుంటే నాన్న నవ్వాడు. పెద్దగా, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా.

"మా వాడూ మీలాగే నవ్విస్తాడండీ," అన్నాడు తుండుతో కళ్ళొత్తుకుని. "నేనే వాడి ముందు నవ్వనండీ."

"అదేంటండీ పాపం?"

"నవ్వితే అయిపోయిందని ఆపేస్తాడేమోనండీ. నవ్వకపోతే ఇంకోటి చెబుతాడు. తండ్రి గారి ఆశ చూడండి! వాడు పడుకున్నాక వాళ్ళమ్మా నేనూ నవ్వుకునేవాళ్ళమండీ. ఇది మాత్రం వాడికి చెప్పకండి."

చెప్పనని మాటిచ్చాను. ఇక్కడ రాస్తున్నానంటే, అది మీకే గానీ వాడికి కాదు.

ఇక పిన్ని ఫోను సంగతి. నేను చేరేసరికి నాన్నని అరుగు మీద పడుకోబెట్టారు. పిన్ని నన్ను పట్టుకుని ఏడ్చి, జరిగింది చెప్పింది. పొద్దున్న మంచు విడవకముందే గంజి తీసుకుని వెళ్ళిందట. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం కాళ్ళ దగ్గర, తలుపుకి వీపు పెట్టి నేను కూర్చుని ఉన్నాను. నాన్న గొంతు చాలా ఓపిగ్గా ఉంది.

"ఏమన్నారు పిన్నీ?"

"ఇంకేమంటారు బాబూ? 'ఒరేయ్, వచ్చావా? మళ్ళీ తడిసిపోయావురా, తుడుచుకో' అన్నారు. నీక్కూడా గంజి తెద్దామని ఇంటికెళ్ళి వచ్చేసరికి నువ్వు లేవు. ఆయనా లేరు. నవ్వుతున్నట్టే ఉన్నారు బాబూ."

పిన్నికి కంటిలో శుక్లాలున్నాయి. ఆపరేషనంటే భయపడి ఏలూరు వెళ్ళడం వాయిదా వేస్తూనే ఉంది. మంచులో ఎవరినైనా ఎవరనైనా అనుకోగలదు. గదిలోకి వెళ్ళి చూశాను. మంచం కాళ్ళ దగ్గర నేల తడిగా ఉంది. మంచు కాలంలో మా నేలలు చెమరుస్తాయి. నాన్న తుండు దండెం మీద ఉంది. అదీ తడిగానే ఉంది. దానికీ ఏదో కారణం ఉండే ఉంటుంది. నేను వెతకలేదు.

"నిజమే పిన్నీ, నేనే," అన్నాను.

ఆ తడిసినవాడు ఎవరో నాకు తెలియదు. పిన్ని కళ్ళో, నాన్న మరుపో, కొల్లేరు దాచుకున్న నా పాత గొంతుకి మొలిచిన ఒళ్ళో. ఎవరైనా సరే, నాకు దక్కాల్సిన ఒరేయ్‌లన్నీ కాజేసినందుకు వాడి మీద చెప్పలేనంత అసూయ ఉంది. మా నాన్నని ఒంటరిగా పోనివ్వనందుకు, ఈ పత్రికాముఖంగా వాడికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే రేవులోకి వెళ్ళాను. గుండు మీద మంచు చల్లగా దిగుతోంది. వంతెన కనబడడం లేదు, దాని మీద లారీల చప్పుడు కూడా లేదు. పక్కనే నాన్న పడవ బోర్లా ఉంది. అడుగు చెక్కల్లో గడ్డి మొలిచింది. గడ దాని మీదే అడ్డంగా పడి ఉంది. అవతలి గట్టు ఎటువైపో కూడా తెలియడం లేదు.

సెలవు తీసుకుని ఆటో ఎక్కాలి. పద్ధతి ప్రకారం మూడుసార్లు పిలిచి వెళ్ళిపోదామనుకున్నాను. ఇల్లు చేరాలనుకునే మనిషిని కదా.

"నాన్నా," అన్నాను.

రెండోది అందామని ఊపిరి తీసుకున్నాను. ఇంకా అనలేదు. అవతల, మంచులో, ఎవరో గడ నీళ్ళలో దించిన చప్పుడైంది.