పుస్తకంలోని దొర కోసం ఏడ్చిన గోరీ

గోరీకి అక్షరం ముక్క రాదు. బతుకు మొత్తంలో ఆమె విన్న పుస్తకం ఒక్కటే, అదీ సగమే. ఆ సగం పుస్తకం మీద ఆమె అభిప్రాయం ఏమిటో మా చిన్నతాత సోమనర్సయ్య నాకు చెప్పాడు. ఈ మధ్య పుస్తకాల సభలకు పోతే వేదిక ఎక్కిన ప్రతివాడూ "నా అభిప్రాయంలో" అని గొంతు సవరించుకుంటాడు. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పిన అభిప్రాయానికి నువ్వేం పోగొట్టుకున్నావయ్యా అని అడగాలనిపిస్తుంది. అడగను. ఇంటికొచ్చి గోరీని తలుచుకుంటాను.

గోరీ పుట్టింది మహబూబాబాద్ పక్క తండాలో. రేగొండ దాటి అడవి వైపు పోతే గుట్టల నడుమ ఉన్న మరో తండాకు కోడలుగా వచ్చింది. మొగుడు తుల్సీరాం పశువులు కాసేవాడు. మామ భిక్షం మాటకారి. ఎవరు ఏ సంగతి మొదలుపెట్టినా ముగించేది ఆయనే. తుల్సీరాం ఒకసారి దొర పశువులను ఊరికే కాయనని ఎదురు చెప్పి గడీలో దెబ్బలు తిన్నాడు. ఆ దెబ్బలు మానకముందే సంఘంలో చేరాడు, తర్వాత తుపాకీ పట్టి అడవికి పోయాడు. నిజాం పాలన పోయింది, రజాకార్లు పోయారు, ఇక మొగుడు ఇంటికొస్తాడని గోరీ వాకిలి అలికి పెట్టుకుంది. వచ్చింది మొగుడు కాదు, కొత్త పోలీసులు.

అడవిలో ఉన్నవాళ్లకు తండాలే బువ్వ పెడుతున్నాయని పోలీసులు గుడిసెలకు నిప్పు పెట్టారు. మనుషులను, మేకలను, కుండలను కలిపి తోలుకొచ్చి బాట పక్కన చదును నేల మీద దించారు. చుట్టూ తుమ్మకంపతో ఎత్తుగా కంచె కట్టారు. లోపల పొయ్యి పెట్టుకోవడానికి జాగా ఉంది, కాళ్లు చాపుకోవడానికి లేదు. పొద్దున హాజరీ, సాయంత్రం హాజరీ. కట్టెలకు మాత్రం నలుగురైదుగురు ఆడవాళ్లను పోలీసుల కాపలాతో కాలిన తండా వైపు పంపేవాళ్లు. గేటు దాటినవాళ్లు లోపల ఉన్నవాళ్లతో మాట్లాడితే ఆ రోజు అందరికీ గంజి బంద్. పుష్యమాసం చలి. గొంగళ్లు చాలావరకు గుడిసెలతోనే కాలిపోయాయి.

తుల్సీరాం ఏడని అడిగితే ఇల్లందు బొగ్గుబాయిలకు కూలికి పోయాడని ఇంటివాళ్లంతా ఒకే మాట చెప్పారు. నిజం తెలిసింది ఇద్దరికే, గోరీకి, ఆమె ఆడబిడ్డ గంగికి. తుల్సీరాం చలిజ్వరంతో దళం నుంచి తిరిగొచ్చి, కాలిపోయిన తమ గుడిసె కింది పాతరలో పడుకున్నాడు. గింజలు దాచుకోవడానికి తవ్విన గొయ్యి అది. పైన బండ, బండ మీద బూడిద. గంగి కట్టెలకు పోయినప్పుడల్లా కొంగున రొట్టె దాచుకుపోయి అందులో వేసి వచ్చేది. మామకు చెప్పొద్దని గోరీయే అన్నది. చెడ్డవాడని కాదు, ఆయన నోట్లో మాట ఆగదని.

ఇక పుస్తకం సంగతి. ఆ కంచెకు అధికారి ఒక జమేదారు, కోస్తా మనిషి. డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. కళ్లజోడు పగిలిపోయి చదవలేక అల్లాడిపోతున్నాడు. కంచెలో చదువు వచ్చినవాడు మా చిన్నతాత ఒక్కడే. ఊళ్లో బట్టలు కుట్టుకునే ఆయన్ని, సంఘం కాగితాలు చదివి వినిపిస్తున్నాడని తెచ్చి అందులో పడేశారు. ఇప్పుడు అదే నేరాన్ని పోలీసుల కోసం చేయమన్నారు. పొద్దున హాజరీ అయ్యాక, నీరెండలో, జమేదారు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆయన పక్కన నిలబడి చదవాలి. కంచెలో జనమంతా కింద కూర్చుని వినాలి.

"వినండిరా, మీకూ కాస్త బుద్ధొస్తుంది" అనేవాడు జమేదారు.

అట్ట చిరిగిపోయిన పుస్తకం, పేరు ఎవరికీ తెలియదు. కథ ఎక్కడో చలిదేశంలో. మోకాలి లోతు మంచు, కొండ మీద బంగళా, అందులో ఒక దొర హత్య. మంచుకు దారులు మూసుకుపోయి చుట్టాలంతా బంగళాలోనే చిక్కుకున్నారు. తోటమాలి మాత్రం కనిపించడం లేదు. డిటెక్టివ్ చుట్ట కాలుస్తూ అందరినీ పిలిచి ప్రశ్నలడుగుతాడు.

అధ్యాయం అయిపోగానే జమేదారు పుస్తకం మూయించి "ఊఁ, ఎవడు చంపుంటాడు? చెప్పండి చూద్దాం" అనేవాడు. మొదట్లో ఎవరూ నోరు మెదపలేదు. పోలీసు అడిగినదానికి జవాబు చెబితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కానీ కథ పాడుది, మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. మెల్లమెల్లగా నోళ్లు విప్పారు.

"గంత పెద్ద బంగ్లాల నీళ్లు మోసెటోడు లేడా సారూ? గా మనిషి పేరే రాలే" అన్నది ఒక ముసలమ్మ.

"దొర సచ్చిండని తెలిసినంక గూడ ఛాయ తాగుకుంట కూసున్నరు. అందరు గలిసే సంపిన్రు" అన్నాడు ఇంకొకాయన.

"సంపినోన్ని దొరకవడితె ఏమొస్తది? దొర ఎసుంటోడో ముందుగాల తెల్వాలె గదా" అన్నది గంగి.

జమేదారు పడీపడీ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే ఆయన రాక్షసుడేం కాదు. ఇంటికి దూరంగా ఆ అడవి అంచున ఆయనకూ పొద్దు గడిచేది కాదు. కాకపోతే కంచె తాళం ఆయన దగ్గర ఉంది, తేడా అంతా అక్కడే ఉంది. కొన్నాళ్లు పోయేసరికి జనం పొద్దున ఎప్పుడవుతుందా అని చూడడం మొదలుపెట్టారు. భిక్షమైతే ముందు వరుసలో జాగా పట్టుకునేవాడు. గోరీ మాత్రం వెనక కూర్చుని గేటు వైపే చూసేది. పాతరలో మనిషికి ఈ రోజు రొట్టె అందుతుందా లేదా, ఆమెకు అదే కథ.

ఆ రోజు చదివిన అధ్యాయంలో పోలీసులు మంచులో తోటమాలి కోసం వెతికారు. ఎక్కడా పొగ లేదు. నిప్పు లేకుండా అంత చలిలో ఏ మనిషీ బతకలేడు కాబట్టి తోటమాలి ఏనాడో దూరదేశం పారిపోయి ఉంటాడని డిటెక్టివ్ తేల్చాడు. జమేదారు తొడ చరిచాడు.

"అదీ బుర్రంటే! నేనూ అదే అనుకున్నాను."

అదే సమయంలో గేటు దగ్గర కట్టెలకు పోయే ఆడవాళ్లను లెక్కపెట్టి బయటికి వదులుతున్నారు. వాళ్లలో గంగి ఉంది.

భిక్షం గొంతుక్కూర్చుని తలపాగా సర్దుకున్నాడు. "తప్పు సారూ. గా పట్నపాయనకు ఎరుకలేదు. తోటమాలి ఏడికి వోలే, ఆడ్నే ఉన్నడు."

"పొగ లేకుండా ఎలా ఉంటాడయ్యా, చలికి చచ్చిపోడూ?"

"పొగ ఎందుకు సారూ? పాతరల పండుకుంటె నిప్పుతోని పనే లేదు. చలికాలం భూమి లోపట ఎచ్చగ ఉంటది. నడుం లోతు ఊక పోసుకున్నమంటె తల్లి కడుపులున్నట్టే. మా తండాల ఇంటింటికి ఉన్నయి గసుంటి పాతరలు. గుడిసెలు కాలినయి గని అయ్యి కాలలే గదా!"

చెప్పి, అందరూ మెచ్చుకుంటారని చుట్టూ చూశాడు. జమేదారు నవ్వలేదు. లేచి గుడారంలోకి పోతూ "బూట్లు తొడుక్కోండిరా" అని తనవాళ్లను కేకేశాడు.

గోరీ గేటు వైపు చూసింది. గంగి అప్పటికే గేటు దాటి నాలుగడుగులు వేసింది. ఆమెతో మాట్లాడడానికి లేదు. పరిగెత్తితే తుపాకీ మడమ ఉంది. కంచె అవతలికి పోగలిగింది గోరీ గొంతు ఒక్కటే.

లంబాడీ ఆడవాళ్లకు ఢావలో అని ఏడుపు పాట ఒకటుంది. చావుకు ఏడుస్తారు, పిల్లను అత్తగారింటికి పంపుతూ ఏడుస్తారు, చాన్నాళ్లకు అక్కాచెల్లెళ్లు కలిసినా మెడలు పట్టుకుని ఏడుస్తారు. ఆ ఏడుపులోనే కష్టం సుఖం, కబురు అన్నీ చెప్పుకుంటారు. ఒకామె ఎత్తుకుంటే పక్కామె అందుకోవాలి. అందుకోకపోతే పాపమంటారు.

గోరీ లేచి నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని "హియా" అని ఎత్తుకుంది.

గుడారంలోంచి జమేదారు సగం తొడిగిన బూటుతో బయటికొచ్చాడు. "ఏమొచ్చిందే నీకు?"

గోరీ ఆగి, ఆయన ముఖంలోకి చూసి, "గంత పెద్ద పుస్తకంల దొర సచ్చిపాయె. ఒక్క ఆడది ఏడ్వలే సారూ. అట్ల ఇడిచిపెడితె మాకు మంచిది గాదు" అన్నది.

పుస్తకం మీద ఆమె చెప్పిన అభిప్రాయం అదే. చెప్పి మళ్లీ ఎత్తుకుంది. తండా భాషలో ఏడ్చింది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఓ దొరా, గోతిలో ఎందుకు పడుకున్నావు, వేటకుక్కలు బయలుదేరాయి, బండ తీసుకుని లే, బోడగుట్ట ఎక్కిపో.

కంచెలో ఉన్న తండావాళ్లందరికీ ఒక్క క్షణంలో అర్థమైంది. భిక్షానికీ అర్థమైంది. కొడుకు ఎక్కడున్నాడో ఆయనకు తెలిసింది అప్పుడే. ముసలాయన తలపాగా కొస లాగి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న ఆడది అందుకుంది, దాని పక్కది అందుకుంది, కంచెలో ఆడవాళ్లంతా పుస్తకంలో దొర కోసం గుండెలు బాదుకున్నారు.

"ఏమంటోందయ్యా?" అని జమేదారు మా చిన్నతాతను అడిగాడు. చిన్నతాతకు ఆ భాష బాగానే తెలుసు. తండా ఆడవాళ్ల రవికలు కుట్టిన చెయ్యి అది.

"దొర మంచోడు, సచ్చిపాయె అని ఏడుస్తున్నది సారూ" అన్నాడు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"పిచ్చి జనం" అని జమేదారు రెండో బూటు తొడుక్కున్నాడు.

గంగి వెనక్కి తిరిగి చూడలేదు. కట్టెలు కొట్టేచోటికి పోగానే కాలిన తండా ఎదుట కూలబడి అదే ఏడుపు ఎత్తుకుంది. గుడిసెలు కాలినచోట ఆడవాళ్లు ఏడవడం కాపలావాళ్లకు అలవాటే, పట్టించుకోలేదు. జమేదారు మనుషులు వచ్చి ఒక్కొక్క బండా లేపుతూ పోతే ఒక పాతరలో గొంగడి, సగం తిన్న జొన్నరొట్టె దొరికాయి. ఊక ఇంకా వెచ్చగానే ఉంది. మనిషి లేడు.

ఆ రాత్రి గోరీ కంచెలో సంతోషంగా పడుకుంది. అవును, సంతోషంగానే. గంగి, తను పక్కపక్కన ఒకే గుడ్డ కప్పుకుని నోళ్లు మూసుకుని నవ్వారట. గొంగడి అక్కడే వదిలేశాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తెల్లారి ఒక మంచాన్ని మోసుకొచ్చి గేటు ముందు దించారు. బోడగుట్ట మీద బండల సందున మేకలవాళ్లకు కనిపించాడట. ఒంటి మీద గుండు దెబ్బ లేదు. జ్వరం మనిషి, కప్పుకోవడానికేమీ లేక చలికి బిగుసుకుపోయాడు.

జమేదారు అందరినీ వరుసలో నడిపించాడు. "వీడెవడో చెప్పండి. వీడికి రొట్టె మోసిందెవరో నాకు కావాలి. ఆ ఇంట్లో ఒక్కరినీ వదలను."

ఒక్కొక్కరే వంగి చూశారు. ఎరుకలేదు, ఎరుకలేదు అనుకుంటూ పోయారు. భిక్షం వంతు వచ్చింది. కొడుకు ముఖం చూసి, "ఎరుకలేదు సారూ" అన్నాడు. గంగీ అదే అన్నది. గోరీ వచ్చింది.

"నిన్న ముక్కూమొహం తెలియని దొర కోసం గుండెలు బాదుకున్నావు కదమ్మా. వీడి కోసం రెండు చుక్కలైనా రాలవా?" అన్నాడు జమేదారు, ఆమె కళ్లల్లోకే చూస్తూ.

"నిన్నటిది కథ సారూ. గీయన ఎవ్వలింటి మనిషో. ఏడ్చెటోళ్లు ఆయనకుంటరు" అన్నది గోరీ.

పక్కకు పోయి పొయ్యి ముందు కూర్చుంది. మంచాన్ని ఎత్తుకుపోయి బాట అవతల కాల్చారు. కంచెలోంచి ఆ పొగ కనిపించింది. గోరీ అటు చూడకుండా మామకు గంజి పోసింది. మర్నాడు జమేదారు మళ్లీ పుస్తకం చదివించాడు కానీ ఎవరూ అభిప్రాయం చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆయన విసుగెత్తి పుస్తకం లాక్కున్నాడు. దొరను ఎవరు చంపారో ఈనాటికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కంచె తీసేసింది మరుసటి ఏడాది వానలకు ముందు. అప్పటిదాకా భిక్షం కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. అంత మాటకారి, కంచె వైపు తిరిగి తినేవాడు. పాతర మాట అన్నది తను. బయటికి రమ్మన్నది కోడలు. ఇద్దరూ ఆ చిన్న జాగాలో మూరెడు దూరంలో పడుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నాళ్లు గడిపారు. మా చిన్నతాత ఆ కంచెలో అన్నీ చూశాడు కానీ, అది చూడలేకపోయానని చెప్పేవాడు.

కంచె తీసిన రోజే ఆడవాళ్లంతా గోరీని బాట అవతల ఆ కాల్చిన చోటికి తీసుకుపోయారు. మొగవాళ్లు ఆచారం ప్రకారం దూరంగా కూర్చున్నారు. గంగి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఏడుపు ఎత్తుకుంది. గోరీ అందుకోవాలి. నోరు తెరిచింది. వచ్చిన మాట ఒక్కటే: బండ తీసుకుని లే, బోడగుట్ట ఎక్కిపో. ఆపి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అవే మాటలు. ఇంకో మాట ఆమెకు దొరకలేదు. ఆడవాళ్ల ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

భిక్షం లేచాడు. మొగవాళ్లు పోగూడని ఆ గుంపులోకి నడిచొచ్చి కోడలి ముందు మట్టిలో కూర్చున్నాడు.

"నువ్వు వాన్ని బతుకుమని పిలిచినవ్, బిడ్డా. నోరు జారింది నాది. ఇగ ఆ మాటలు ఇడిచిపెట్టు. వాన్ని పేరు పెట్టి ఏడువు. నేను ఇంటుంట."

మొగుడి పేరు ఏ ఆడదీ నోటితో అనని రోజులవి. గోరీ మామ ముందు, తండా అంతటి ముందు, "తుల్సీరాం" అని గొంతెత్తి ఏడ్చింది.