వదిన కనురెప్పలు

మా ఇంట్లో నా చదువు గురించి ఎవరూ గొప్పగా చెప్పుకునేవారు కాదు. హైదరాబాదులో కప్పల కాళ్లకు కరెంటు పెడుతున్నానని గద్వాలలో తెలిస్తే నాకు పిల్లనెవరిస్తారని అమ్మ బెంగ. నరం చెప్పిన మాట కండకు ఎలా చేరుతుందో తెలుసుకోవడం నా పని. మగ్గం మీద పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అచ్చు అతికినట్టు నరమూ కండా కలిసిపోయి ఉండవు. మధ్యన కంటికి ఆనని సందు ఉంటుంది. ఆ సందును మాట కరెంటుగా దాటుతుందా, రసం చుక్కగా దాటుతుందా అని అప్పట్లో పెద్దపెద్దవాళ్లే కొట్లాడుకునేవారు. నాది రసం పక్షం. ఆ విషయంలో నేను కాస్త మొండివాణ్ణి కూడా.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒకసారి సెలవులకు వచ్చేసరికి వదిన బట్టల మూట కట్టి గోడవారన పెట్టి ఉంది. ఆమెను వనపర్తిలోని పుట్టింటికి పంపేస్తానని అమ్మ తేల్చేసింది. అన్న మగ్గం గుంతలోంచి తల ఎత్తలేదు. మా ఇంట్లో అచ్చు అతకడం, అంటే అలా పోగుకు పోగు మెలిపెట్టడం, వదిన పని. పొద్దున ఆమె వేళ్లు చకచకా ఆడేవి. ఎండెక్కేసరికి కనురెప్పలు వాలిపోయేవి, పోగులు వేళ్లలోంచి జారిపోయేవి, రొట్టె నమలడానికి కూడా దవడలు ఆడేవి కావు. కాసేపు పడుకుని లేస్తే మళ్లీ మామూలే.

"పండుకుంటే పోయే రోగం యాడన్న ఉంటదా? పని దొంగ," అన్నది అమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఒక రకం విషం ఎక్కించిన కప్ప కాలును నేను ఎన్నిసార్లో చూశాను. నరం బాగుంటుంది, కండ బాగుంటుంది, కాలు మాత్రం లేవదు. మాట సందు దగ్గరే ఆగిపోతుంది. వదినదీ అలాంటి జబ్బేనని నాకు అనిపించింది. సందులోని రసం త్వరగా ఇంకిపోకుండా ఆపే సూదిమందు ఒకటి దానికి ఉందని చదివాను. కొన్నాళ్లు ఆగమని అమ్మను బతిమాలి హైదరాబాదు వెళ్లాను. యుద్ధం వల్ల ఆ మందు దొరకడమే గగనమైంది. తెచ్చి, దవాఖాన డాక్టరును ఇంటికి పిలిచి, అమ్మ ఎదుటనే వదినకు సూది వేయించాను. రెప్పలు లేస్తే నా పక్షం కూడా గెలుస్తుందన్న ఆశ లేకపోలేదు.

కాసేపటికి రెప్పలు లేచాయి. వదిన కళ్లు అంత పెద్దవని నాకు అప్పుడే తెలిసింది. ఇక నా పక్షం సంగతి గుర్తే లేదు. ఆమె జొన్నరొట్టె నమిలి తిని, వెళ్లి అచ్చు దగ్గర కూర్చుంది. అమ్మ చూస్తూనే ఉంది.

ఆ మందు పనిచేసేది కొన్ని గంటలే. ఆ ముక్క అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పొద్దు వాలుతుంటే వదిన రెప్పలూ వాలసాగాయి. ఆమె తల వెనక్కి వంచి, ఆ రెప్పల కిందనుంచి పోగులు చూసుకుంటూ మెలిపెడుతోంది. అమ్మ లేచి వదిన దగ్గరికి నడిచింది. అంతా అయిపోయిందనుకున్నాను.

అమ్మ వంగి ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆమె వేళ్లలోంచి పోగు తీసుకుంది.

"ఇగ చాలు బిడ్డా. జర పండుకో."

వదిన లేవలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "పండుకోమంటుందా, పొమ్మంటుందా?"

అది అమ్మకు వినబడింది. గోడవారకు వెళ్లి, అన్నాళ్లూ కట్టే ఉన్న మూట విప్పింది. అందులోంచి వదిన దుప్పటి తీసి, అచ్చు పక్కనే పరిచింది.