చేతులక్క నమ్మిన మాట

ఆ క్యాన్సర్ వార్డులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. అందరికీ చేతులక్కే. మందులకు తిమ్మిరెక్కిన పాదాలు, సూదుల భయానికి బిగుసుకుపోయిన భుజాలు ఆమె చేతుల్లో పడితే కాస్త మెత్తబడేవి. జబ్బు తగ్గిస్తానని మాత్రం ఆమె ఎన్నడూ అనలేదు. ఎవరైనా అలా అంటే కసురుకునేది. "నేను నొప్పిని కాసేపు మాటల్లో పెడతానంతే. పంపించాల్సింది డాక్టర్లే" అనేది.

ఒళ్లు పట్టేముందు రక్తపరీక్ష కాగితం చూడాలి. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే వేలు గట్టిగా ఆనినా ఒళ్లు కమిలిపోతుంది. అలాంటి రోజు అరచెయ్యి ఊరికే ఆనించడమే తప్ప నొక్కడం ఉండదు. ఇరవయ్యేళ్లలో ఆమె ఆ కాగితం అడగనిది ఒక్క మనిషినే, ఏడో మంచం టీచరుగారిని. ఎనిమిది నెలల పరిచయం. బతుకంతా పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి అబద్ధమాడుతుందా అనుకుంది, పిచ్చిది.

ఆ సోమవారం టీచరుగారే చెయ్యి చాపింది. "ఇవాళ ప్లేట్‌లెట్ల లెక్క బ్రహ్మాండంగా ఉందే. ఎముకల్లోంచి లాగేస్తోంది, గట్టిగా నొక్కు."

నొక్కింది. మర్నాటికి మోచేతి నుంచి మణికట్టు దాకా వేళ్ల అచ్చులు నీలంగా తేలాయి. హెడ్ నర్సు చేతులక్కను పిలిచి కాగితం ముందు పడేసింది. ప్లేట్‌లెట్లు పాతాళంలో ఉన్నాయి. ఆ సంగతి డాక్టరు సోమవారం పొద్దున్నే టీచరుగారికి చెప్పి మరీ వెళ్లాడట.

"కాగితం చూడకపోవడం నా తప్పే. కానీ ఆవిడే నొక్కమన్నారండీ" అంది చేతులక్క.

"వద్దు వద్దంటున్నా వినలేదని వాళ్లమ్మాయితో చెప్పిందావిడ. రేపట్నుంచి నువ్వు ఈ వార్డుకి రావద్దు."

తల కొట్టేసినట్టయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ సంగతి. కాగితం చూడని తప్పుకి ఏ శిక్ష వేసినా నోరు మూసుకుని పడేది. వద్దన్న రోగిని నలిపిందన్న మాట మాత్రం మింగుడు పడలేదు. ఆ మాట పడ్డాక ఈ చేతుల్ని ఇంకెవరు నమ్ముతారు? తిన్నగా ఏడో మంచం దగ్గరికెళ్లింది.

"ఎందుకలా చేశారు?"

టీచరుగారు మొహం తిప్పుకుంది. "నిజం చెబితే నువ్వు నొక్కవు కదా. సూది గుచ్చడానికి తప్ప నన్నెవరు ముట్టుకుంటున్నారే?"

"అది నాకర్థమైంది. మరి మీ అమ్మాయికి చెప్పిందో?"

"దానికి తెలిస్తే ఊరుకుంటుందా? చిన్నపిల్లని తిట్టినట్టు తిడుతుంది. నీకేం, ఇంకో వార్డు ఇస్తారు." అంటూనే కమిలిన చెయ్యి చాపింది. "నొక్కొద్దులే. ఊరికే పట్టుకో."

చేతులక్కకు కడుపు రగిలిపోయింది. జాలీ వేసింది. జాలి వేసినందుకు ఇంకా ఒళ్లు మండింది.

"పట్టుకుంటాను. అదిగో, మీ అమ్మాయి వస్తోంది. ముందు ఆవిడకి నిజం చెప్పండి."

కూతురు మంచినీళ్ల సీసాతో లోపలికొచ్చింది. "ఈమెను మళ్లీ ఎవరు రమ్మన్నారమ్మా?"

టీచరుగారు చాపిన చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

"నేను పిలవలేదే" అంది.