ఇంకోటి ఉన్నది

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఎవరికైనా దెయ్యం పూనిందంటే, ముందు డాక్టరుకు చూపించండి అనే రకం. మిమ్మల్ని కూడా ఇది నమ్మమనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది తెనాలి. హైదరాబాద్ కొత్తపేటలో అద్దెకుండేవాళ్లం. మా ఆయనకు ఏడాదిగా కడుపునొప్పి వచ్చి పోతుండేది. ఒకరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు అల్సర్ అన్నారు. ఒక బంద్ రోజు పొద్దున్నే కడుపు కుండలా ఉబ్బిపోయింది. పచ్చటి వాంతులు.

ఆటోలు లేవు. పక్కింటాయన బైక్ మీద మా ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, వెనక నేను గట్టిగా పట్టుకున్నాను. ఎల్బీనగర్ దారిలో టైర్లు కాలుతున్నాయి. మమ్మల్ని ఆపిన కుర్రాళ్లు ఆయన ముఖం చూశారు. "దవాఖానకు పోతున్రు, జరగుండ్రి," అంటూ ఒకతను అడ్డంగా పెట్టిన రాళ్లు పక్కకు లాగాడు.

నర్సింగ్‌హోంలో స్కాన్ తీశారు. చిన్నపేగులో కణితి. చాలా అరుదుగా వస్తుందట. దానితో పేగు మూసుకుపోయింది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు.

మధ్యాహ్నం, ముక్కులో గొట్టంతో పడుకున్న ఆయన ఉన్నట్టుండి కళ్లు తెరిచారు. పైకప్పు వైపు చూస్తూ, స్పష్టంగా అన్నారు.

"బిడ్డా, ఒక్కటే కాదు. కిందికి ఇంకోటి ఉన్నది. డాక్టర్ సాబ్‌కు చెప్పు."

గొంతు ఆయనదే. కానీ పదిహేనేళ్లు హైదరాబాద్‌లో ఉన్నా ఆయన నోట తెనాలి మాట తప్ప నేను వినలేదు. నన్నెప్పుడూ పేరు పెట్టే పిలుస్తారు. "ఏమన్నారండీ?" అని వంగి అడిగాను. అప్పటికే కళ్లు మూసుకున్నారు.

సిగ్గు చంపుకుని సర్జన్‌ను థియేటర్ తలుపు దగ్గర ఆపాను. "ఇంకోటి కూడా ఉందేమో, కాస్త చూడండి సార్."

"స్కాన్‌ల ఒక్కటే కనవడ్తుందమ్మా. అయినా చూస్తం."

మూడు గంటలు. బయట నినాదాలు దగ్గరికొచ్చి, మళ్లీ దూరమయ్యాయి. నేను కూర్చోలేదు.

రెండోది దొరికింది. శనగగింజంత. ఇంకా కిందికి, పెద్దపేగు దగ్గర.

పేగంతా తడిమి చూడడం మామూలేనని సర్జనే తర్వాత చెప్పారు. నేను అడగకపోయినా దొరికేదేమో. మా ఆయన ఇప్పుడు బాగున్నారు. ఆ మాటలు మాత్రం గుర్తే లేవంటారు. నొప్పి ఇంజెక్షన్ మత్తు కావచ్చు. మత్తులో మనిషి యాస మారుతుందా? స్కాన్‌కు అందనిది తెలుస్తుందా?

ఆ రోజు సర్జన్ చేతులు తుడుచుకుంటూ నన్ను అడిగారు. "మీకెవరు చెప్పిన్రమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాను. అది నిజమో అబద్ధమో నేనింకా తేల్చుకోలేదు.